దొంగ ఊపిరి

“పాట మధ్యలో ఊపిరి అందకపోతే?”

పేరు చెప్పలేదు. పిల్ల ఏ క్లాసు చదువుతోందో చెప్పలేదు. నమస్కారమైనా పెట్టలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ విప్పుతూనే ఆ మాట అనేసింది పిచ్చుక వాళ్ళమ్మ. బస్టాండు మేడమీది గదిలో ఒక పెద్దావిడ తడిగుడ్డతో కుర్చీలు తుడుస్తోంది. వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పింది.

“అందకపోతే ఆపేస్తుంది. అందాక మళ్ళీ అందుకుంటుంది. పక్కన అంతమంది పిల్లల్ని నిలబెట్టింది ఎందుకనుకున్నావమ్మా, ఫొటోకా?”

అప్పుడు గుడ్డ పిండి, చేతులు తుడుచుకుని, తల్లి వెనక నక్కిన పదేళ్ళ పిల్ల దగ్గరికి వచ్చింది.

“నీ పేరేంటే?”

“ఇంట్లో పిచ్చుక అంటారు.”

“మరి ఇంకేం! పిచ్చుక ఛాతీ ఎంతుంటుంది, బొటనవేలంత. పొద్దున్నే కిటికీ దగ్గర చేరిందంటే మనల్ని పడుకోనిస్తుందా?”

పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు. ఆమె నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సీసాలో మెరిసే నీళ్ళని చూసి ‘బాగున్నాయి’ అనుకునే అలవాటు ఆమెకి ఎప్పుడో పోయింది. బాగున్నట్టు కనిపించేవాటిలోనే ఏదో ఉంటుందని ఆమె చదువు ఆమెకి నేర్పింది. పిచ్చుకకి రెండేళ్ళ వయసు నుంచీ ఉబ్బసం. చలిగాలి తగిలినా, దుమ్ము రేగినా, పక్కింట్లో గోడలకి రంగు వేసినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఊపిరి కసరత్తు మంచిదని డాక్టరే పాటకి పంపమన్నాడు. ఆ మాట ఆమె విన్నది, చీటీలో రాయించుకున్నది, నమ్మలేదు.

కుర్చీలు తుడుస్తున్న పెద్దావిడని ఆ చుట్టుపక్కల అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పిల్లలూ అంతే, పిల్లల తండ్రులూ అంతే, బస్సు డ్రైవర్లూ అంతే. ఆమె ఉద్యోగం బస్టాండులో. పంతొమ్మిదేళ్ళప్పుడు టికెట్ల కౌంటరులో చేరింది. ఒకరోజు మైకు దగ్గర కూర్చునే ఆయన గొంతు బొంగురుపోయింది. “ఆ అమ్మాయిని కూర్చోబెట్టండి, ఒక్క పూటేగా” అన్నారు పైవాళ్ళు. ఆ ఒక్క పూట ముప్ఫై నాలుగేళ్ళు సాగింది.

ఆమె చదివితే బస్సు పేరు చివరి బెంచీ దాకా వినపడేది. అరిచేది కాదు. పదకొండు స్టాపులున్న బస్సుని మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా ఒక్క ఊపిరిలో చదివేసేది. డ్యూటీ దిగిన డ్రైవర్లు టీ బండి దగ్గర నిలబడి పందేలు కాసేవారు, ఇవాళ తొమ్మిదో ఊరి దగ్గర ఆగుతుందని ఒకరు, ఎనిమిదో ఊరి దగ్గరే అని ఇంకొకరు. ఆమె ఏ ఊరి దగ్గరా ఆగేది కాదు. పందెం ఎవరూ గెలిచేవారు కాదు, టీ మాత్రం ఆమెకి వచ్చేది.

తర్వాత యంత్రం వచ్చింది. ఎక్కడో ఎవరో అమ్మాయి చదివి పెట్టిన గొంతు అందులో ఉంటుంది. సరైన సమయానికి వచ్చే బస్సుల సంగతంతా అదే చూసుకుంటుంది. కానీ దానికి ఆలస్యం చెప్పడం రాదు. రద్దయిన బస్సు గురించి, తప్పిపోయిన పిల్లవాడి గురించి, దారిలో ఆగిపోయిన బండి గురించి చెప్పడం రాదు. అందుకని పెద్దమ్మని ఉంచారు. ఇప్పుడు స్టాండులో ఆమె గొంతు వినపడిందంటే, ఎవరికో ఏదో చెడ్డ కబురని అర్థం. సంచులు పట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారి తలెత్తుతారు.

“పెళ్ళిళ్ళలో పాడాల్సిన గొంతుని పరామర్శలకి తిప్పుతున్నారు” అంటుంది ఆమె, టీ గ్లాసు ఊదుకుంటూ.

ఇక ఈ క్వయర్, ఈ పిల్లల పాటల బృందం, ఆమె సంగీతం మీద ప్రేమతో మొదలుపెట్టింది కాదు, గోల భరించలేక మొదలుపెట్టింది. కండక్టర్ల కూతుళ్ళు బడి అయ్యాక తండ్రుల డ్యూటీ దిగేదాకా బస్టాండు బెంచీల మీద కూర్చుని జుట్లు పట్టుకునేవారు. ఆ అరుపులు మైకులో పడి, ఏ బస్సు ఎటు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒక సాయంత్రం పెద్దమ్మ వాళ్ళందర్నీ మేడమీది పాత పార్సిళ్ళ గదిలోకి తోలి తలుపేసింది. చిన్నప్పుడు హాస్టల్లో వార్డెనమ్మ నేర్పిన పాట ఒకటి ఆమెకి గుర్తుంది. ఒకే పాటని పై గొంతు, మధ్య గొంతు, కింది గొంతు అని మూడు పాయలుగా చీల్చి మళ్ళీ జడలా అల్లే పాట. వాయిద్యం ఉండదు, మైకు ఉండదు, ఉన్నవన్నీ గొంతులే. ఆ గదికి మందపాటి గోడలు, ఎత్తైన కప్పు. మొదటిసారి మూడు గొంతులూ కలిసినప్పుడు జుట్లు పట్టుకున్న పిల్లలే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఆమె ఇప్పటికీ పాట మొదలయ్యే ముందు గదిలో ఫ్యాన్లు ఆపించేస్తుంది.

“ఆ ఫ్యాను కూడా పాడుతుందమ్మా. అదీ తప్పుగా.”

పిచ్చుక వాళ్ళమ్మకి ఆమె మీద కాస్త గురి కుదిరింది ట్యూనింగ్ ఫోర్కు చూశాక. ఇంటర్లో ఫిజిక్స్ ల్యాబులో నీళ్ళ గొట్టం పైన పెట్టి ఎన్నోసార్లు మోగించిన పనిముట్టే. పెద్దమ్మ దాన్ని మోకాలి చిప్ప మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మూడు గొంతులకీ మూడు శ్రుతులు సన్నగా అందించేది. కొలిచే వస్తువు చేతిలో ఉన్న మనిషి మీద ల్యాబు మనిషికి నమ్మకం కలగడం సహజం. నమ్మకం కలిగింది కానీ భయం పోలేదు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండగలవు.

పిచ్చుక చిన్నపిల్లే అయినా గొంతు కిందికి బాగా పలుకుతుందని కింది గొంతులో నిలబెట్టింది పెద్దమ్మ. అక్కడ ఐదుగురు. పిచ్చుకకి ఎడమపక్క పొడుగుపిల్ల, కుడిపక్క జడలపిల్ల. పొడుగుపిల్లకి పదిహేడేళ్ళు. ఎనిమిదేళ్ళ నుంచీ అక్కడే పాడుతోంది. పిచ్చుక తల సరిగ్గా ఆ పిల్ల మోచేతి దగ్గరికి వస్తుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే నీళ్ళ ఫిల్టరూ గ్లాసూ అని మిగతావాళ్ళు ఏడిపించేవారు.

ఏటా ఒక పోటీ ఉంటుంది. చిన్న బృందాల పోటీ. పదహారుమందికి తగ్గకూడదు, ఇరవై నలుగురికి మించకూడదు, పద్దెనిమిది నిండినవాళ్ళు ఉండకూడదు. రెండు పాటలు. మొదటి మూడు స్థానాలవాళ్ళు పెద్ద పోటీకి వెళ్తారు. పెద్దమ్మ బృందం ఈ మొదటి పోటీలోనే ఐదుసార్లు నాలుగో స్థానంలో వచ్చింది.

“నాలుగో స్థానం మన సొంతిల్లు. మిగతావాళ్ళు అద్దెకుంటారు” అనేది ఆమె. పిచ్చుక చేరిన ఏడు మాత్రం అనలేదు. ఆ ఏడు రెండో పాట బాగా కుదిరింది. పొడుగుపిల్లకి అదే చివరి ఏడు కూడాను.

రెండో పాటలో ఒకచోట పై గొంతులూ మధ్య గొంతులూ మాటలు పాడుతూ ఉంటే, కింది గొంతు ముప్ఫై రెండు లెక్కల పాటు ఒకే స్వరం మీద ‘ఊ’ అని నిలబడాలి. మనిషన్నవాడెవడూ అంతసేపు ఒక్క ఊపిరిలో నిలబడలేడు. పెద్దమ్మ కూడా నిలబడలేదు. అయినా వినేవాళ్ళకి అది ఎక్కడా తెగకుండా వినపడాలి. అందుకు ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. దానికి ఆమె పెట్టిన పేరు దొంగ ఊపిరి.

పిల్లల్లో ప్రతి ఒక్కరికీ పాట కాగితం మీద ఒక పెన్సిల్ గీత ఉంటుంది. ఆ గీత దగ్గర ఆ పిల్ల మెల్లిగా తప్పుకుని, గుటకేసినంత సేపట్లో ఊపిరి తీసుకుని, ఎవరికీ తెలియకుండా మళ్ళీ వచ్చి కలవాలి. పక్కపక్కనున్న ఇద్దరికి ఒకేచోట గీత ఉండకూడదు. పొడుగుపిల్లకి ఏడో లెక్క మీద, పిచ్చుకకి పదకొండు మీద, జడలపిల్లకి పద్నాలుగు మీద.

“అన్ని బస్సులూ ఒకేసారి డిపోకి పోతే స్టాండులో ఏముంటుందే?” అని అడిగేది పెద్దమ్మ.

“మీరుంటారు పెద్దమ్మా, సారీ చెప్పడానికి!” అనేది పొడుగుపిల్ల.

“నోరు ముయ్యి. కాదు కాదు, ముయ్యకు. పాడు.”

ఆ గీతల కాగితం పిచ్చుక వాళ్ళమ్మకి తెగ నచ్చింది. భయాన్ని ఇంత శుభ్రంగా గళ్ళలో పెట్టిన కాగితం ఆమె ఎక్కడా చూడలేదు. ఆమె దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం పిచ్చుక చేత ఒక ప్లాస్టిక్ గొట్టంలో గట్టిగా ఊదిస్తుంది. గొట్టంలో ముల్లు ఎంతదాకా కదిలితే అంత అంకె రాస్తుంది. రెండొందల అరవై ఉంటే ఆ రోజు ల్యాబులో ఆమె పనిచేస్తుంది. రెండొందల ముప్ఫై ఉంటే పనిచేస్తున్నట్టు కూర్చుంటుంది.

పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా ముల్లు రెండొందల పది దగ్గర ఆగింది.

“మళ్ళీ ఊదు.”

“ఊదానమ్మా.”

“గట్టిగా ఊదు.”

“అమ్మా, నువ్వు అలా చూస్తుంటే రాదు.”

మళ్ళీ ఊదింది. రెండొందల ఐదు.

పిచ్చుక వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ పొద్దున బూట్లు వేసుకుంటూ అన్నాడు. “డాక్టరు పాడొచ్చన్నాడు. నిన్నేగా మళ్ళీ ఫోన్ చేసి అడిగావు. పెద్దమ్మ పాడుతుందంటోంది. పిల్ల పాడతానంటోంది. ఇంకెవరు చెప్పాలి, మీ ల్యాబులో సీసాలు చెప్పాలా?”

“మీకేం, మీరు రోజూ తాడుకి వేలాడతారు. భయం చచ్చిపోయింది.”

“భయం చావలేదే తల్లీ. తాడు నేను పట్టుకోలేదని తెలిసింది, అంతే.”

ఆ మాట ఆమెకి తలకెక్కలేదు. సాయంత్రం నేరుగా పార్సిళ్ళ గదికి వెళ్ళింది. పిచ్చుకని తప్పించేయమని అడుగుదామని. గుమ్మం దాకా వెళ్ళాక తలల లెక్క పెట్టింది. పరీక్షలని ఇద్దరు మానేశారని విన్నది. పదహారు. పిచ్చుకతో కలిపి పదహారు. ఒక్కటి తీసేస్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు.

అయినా అడిగింది. పెద్దమ్మ చెప్పింది.

“తీసుకెళ్ళమ్మా. నీ పిల్ల. ఒక్క మాట అనను, మిగతా పిల్లల్నీ అననివ్వను.”

తిట్టి ఉంటే తిరిగి నాలుగు అని, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగి ఉండేది. ఆవిడ నిజంగానే అంటోంది. దాంతో ఏం చెయ్యాలో తోచలేదు. లోపల పొడుగుపిల్ల పిచ్చుక జడ రిబ్బను మళ్ళీ కడుతోంది. కడుతూ ఏదో చెబితే పిచ్చుక పకపకా నవ్వుతోంది. నవ్వులో పిల్లికూత ఉందా అని తల్లి చెవి వెతికింది. ఉన్నట్టే అనిపించింది, లేనట్టూ అనిపించింది. తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి గోడవారగా బెంచీ మీద కూర్చుండిపోయింది. పాట అయిపోయేదాకా అక్కడే ఉంది.

మందు మోతాదు డాక్టరు మార్చాడు. పోటీ రోజు పొద్దున రెండొందల నలభై. గొట్టం మీద డాక్టరు గీసిన పచ్చగీతకి కాస్త కింద.

పోటీ హాలు పెద్దది, ఎర్ర కుర్చీలు. తలుపులు తెరవగానే ముందు వరసలో నడిమి కుర్చీ మీద చేతిరుమాలు వేసి పట్టేసింది పిచ్చుక వాళ్ళమ్మ. బస్సులో సీటు కోసం కూడా ఆమె ఎన్నడూ అలా వెయ్యలేదు. పక్కన పొడుగుపిల్ల తండ్రి కూర్చున్నాడు. ఆయన కరెంటు పని చేస్తాడు. కప్పుకేసి చూసి దీపాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

“రెండు బల్బులు పోయినయ్ చెల్లెమ్మా. నిచ్చెనిస్తే పాట మొదలయ్యేలోపు మార్చేస్తా” అన్నాడు.

ఆయనకీ భయంగానే ఉందని ఆమెకి అర్థమైంది. ఆమె చేతిలో ఇన్‌హేలర్ ఉంది. పిచ్చుక దగ్గర ఒకటి ఉంది, పెద్దమ్మ సంచిలో ఒకటి ఉంది, ఇది మూడోది. పాట మొదలయ్యాక తలుపులు మూసేస్తారని, ఎవరూ లేవకూడదని, వేదిక దగ్గరికి ఎవరూ పోకూడదని ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. వేదిక ఆమెకి పది అడుగుల దూరంలో ఉంది. ఆ పది అడుగులూ నడవడానికి వీల్లేదు. చేతిలో మందు ఉండి, కళ్ళ ముందు పిల్ల ఉండి, మధ్యలో ఏమీ లేకుండానే ఏమీ చెయ్యలేకపోవడం ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ ఆమె చదవలేదు.

పిల్లలు నడిచి వచ్చారు. నీలం గౌన్లు, నల్ల బూట్లు. పెద్దమ్మ జనానికి వీపు పెట్టి నిలబడి, ఫోర్కుని మోకాలికి కొట్టుకుని, చెవికి పెట్టుకుంది. మొదటి పాట ఎక్కడా తొణకలేదు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఒకావిడ పెన్ను పక్కన పెట్టేసి వినడం పొడుగుపిల్ల తండ్రి చూశాడు. చూసి, మోచేత్తో పిచ్చుక వాళ్ళమ్మని పొడవబోయి, ఆడమనిషని గుర్తొచ్చి తన మోకాలినే పొడుచుకున్నాడు.

రెండో పాట. పై గొంతులు ఎక్కాయి. కింది గొంతు ‘ఊ’ అని దిగింది, నేల పరిచినట్టు. పిచ్చుక వాళ్ళమ్మ లెక్క మొదలుపెట్టింది. ఆమెకి పాట వినపడటం లేదు. అంకెలే వినపడుతున్నాయి. ఒకటి. రెండు. మూడు. పిచ్చుక మెడ దగ్గర నరం కనపడుతోంది. నాలుగు. ఐదు. భుజాలు పైకి లేచాయా? పదకొండు దాకా ఆగాలి. ఇంకా ఆరు లెక్కలు. ఆరు. పిల్ల పెదవుల రంగు మారిందా, లేక దీపమా? ఏడు.

ఏడు దగ్గర తల్లి నోరు తెరుచుకుంది. ఛాతీ ఉప్పొంగింది, భుజాలు లేచాయి. మునిగి పైకి తేలిన మనిషిలా నిండుగా ఊపిరి పీల్చింది. ఆమె కావాలని చెయ్యలేదు. కాలు జారినప్పుడు చెయ్యి దానంతటదే ముందుకొచ్చినట్టు వచ్చింది.

పిచ్చుక కళ్ళు ఆ క్షణంలో ఆమె మీదే ఉన్నాయి. తల్లి పీల్చింది, పిల్లా పీల్చింది.

ఏడో లెక్క పొడుగుపిల్లది. ఆ పిల్ల తన గీత ప్రకారం అప్పుడే మెల్లిగా తప్పుకుంది. పక్కన పిచ్చుక నిలబడి ఉంటుందన్న ధీమాతో తప్పుకుంది. పిచ్చుక కూడా లేదు. రెండు గొంతులూ ఒక్కసారిగా మాయమయ్యేసరికి జడలపిల్ల బెదిరి తన గొంతునీ మింగేసింది. ఐదుగురిలో ముగ్గురు. రెప్పపాటు సేపు కింద నేల లేదు. పైన పాడుతున్నవాళ్ళు తడబడ్డారు. ఎవరూ ఆపలేదు. అందరూ మళ్ళీ వచ్చి కలిశారు. కానీ కలిసిన చోటు ఇందాకటి చోటు కాదు, పిసరంత కిందికి జారింది. పాట చివరిదాకా ఆ జారిన చోటే నడిచింది.

చప్పట్లు మోగాయి. బల్ల దగ్గర ఒకాయన తన ఫోర్కుని చెవికి పెట్టుకుని, చివరి స్వరంతో సరిచూసి, పెదవి విరిచి ఏదో రాసుకున్నాడు. కొలత చూసి రాసేవాళ్ళు ఏం రాస్తారో పిచ్చుక వాళ్ళమ్మకి తెలుసు. తనూ రోజూ రాసేది అదే.

ఏడో స్థానం. సొంతిల్లు కూడా పోయింది.

బయట వరండాలో పిచ్చుక వెక్కివెక్కి ఏడుస్తోంది. ఊపిరి మాత్రం బాగానే అందుతోంది.

“నేనే తప్పు తీశాను. నా గీత పదకొండు. నేను ముందే తీశాను.”

“ఛీ, ఏడవకు. నేనే ముందు జారిపోయాను” అని పొడుగుపిల్ల పచ్చి అబద్ధం ఆడింది. ఆడి, అటు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడింది. చాలాసేపు ఇటు తిరగలేదు. ఆ పిల్లకి ఇంకో ఏడు లేదు.

“పోనీలే చెల్లెమ్మా, పిల్లలు. పిచ్చుక చిన్నది, పాపం, దాన్నేం అనకండి” అన్నాడు పొడుగుపిల్ల తండ్రి. ఆయన మంచితనానికి ఆమె తల ఎత్తలేకపోయింది. ‘తప్పు పిచ్చుకది కాదు, నాది’ అనాలి. నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆ మాట ఆయనతో అంటే ఎవరికి ఏమొస్తుంది? పొడుగుపిల్లకి ఏడో లెక్క తిరిగి వస్తుందా?

తిరుగు బస్సులో పిల్లలు వెనక సీట్లలో చేరి బిస్కెట్లు పంచుకుంటున్నారు. అరగంటకే నవ్వులు మొదలయ్యాయి. పెద్దమ్మ ముందు సీట్లో కిటికీ పక్కన ఒక్కతే కూర్చుంది. పిచ్చుక వాళ్ళమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

“పెద్దమ్మగారూ, ఇవాళ పాట పాడైంది నా వల్ల.”

“తెలుసు.”

“మీరు అటు తిరిగి ఉన్నారుగా. నన్నెలా చూశారు?”

“నిన్ను చూడలేదమ్మా. పిల్ల కళ్ళు చూశాను. నా చెయ్యి మీద ఉండాల్సిన కళ్ళు నా భుజం మీదుగా వెనక్కి పోయాయి. వెనక ఎవరు ఉంటారు, అమ్మ తప్ప?”

ఆమెకి ఏడుపు వచ్చింది. పెద్దమ్మ ఓదార్చలేదు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

“మీ వీధి చివర మందుల షాపులో కౌంటరు దగ్గర ఒకమ్మాయి ఉంటుంది చూడు, కళ్ళద్దాలమ్మాయి. నీకు ఇన్‌హేలర్లు ఇస్తుంది.”

“అవును. అసలు మాట్లాడదు.”

“అది నా కూతురు.”

పిచ్చుక వాళ్ళమ్మ సీసా మూత పెట్టడం మరిచిపోయింది. ఐదేళ్ళుగా ఆ కౌంటరు దగ్గర మందులు కొంటోంది.

“ఈ క్వయర్‌లో మొదటి వరస మొదటి పిల్ల అదే” అంది పెద్దమ్మ. “అదే అందరికంటే బాగా పాడేది. నేను ఎదురుగా నిలబడి దాన్ని తప్ప ఎవర్నీ చూసేదాన్ని కాదు. అది నోరు తెరవకముందు నా నోరు తెరుచుకునేది. అది ఊపిరి తీసుకోకముందు నేను తీసుకునేదాన్ని. బాగానే ఉండేది. ఎంత కలిసిపోయాం తల్లీ కూతుళ్ళం అనుకునేదాన్ని. ఒకసారి పోటీ రోజున నా బస్సు దారిలో ఆగిపోయింది. నేను వచ్చేసరికి అయిపోయింది. అది వేదిక మీద నిలబడి నోరు తెరవలేదట. పాట రాక కాదు. ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో తెలియక. పన్నెండేళ్ళది. అందరి ముందూ.” కిటికీ అద్దం కాస్త కిందికి దించింది. “ఆ తర్వాత పాడలేదు. కూనిరాగం కూడా తియ్యదు. నాతో బాగానే ఉంటుంది. ఆదివారం వస్తుంది, వంట చేస్తుంది, నాకు బీపీ చూస్తుంది. పాట సంగతి మాత్రం ఎత్తదు, నేనూ ఎత్తను. అందరి ఆలస్యాలకీ సారీ చెప్పాను మైకులో. దానికి ఏ మైకులో చెప్పను?”

వెనక పిల్లలు ఏదో పాట ఎత్తుకున్నారు. పోటీ పాట కాదు, వాళ్ళ సొంత కవిత్వం, ఏడో స్థానం మీదే కట్టినట్టుంది. పిచ్చుక గొంతు అందులో ఎక్కడుందో వెతకడానికి తల్లి మెడ దానంతటదే తిరగబోయింది.

“తిరక్కు” అంది పెద్దమ్మ.

తిరగలేదు.

“మరి నేనేం చెయ్యను? గుడ్డిదానిలా కళ్ళు మూసుకుని కూర్చోనా? అది నా వల్ల కాదండీ. నిజంగా కాదు.”

“మూసుకోమని ఎవరన్నారు? మూసుకుంటే ఇంకా ఎక్కువ కనపడుతుంది. నీ పిల్ల పాడుతున్నప్పుడు పక్క పిల్లని చూడు. ఆ పిల్ల ఎలా నిలబడింది, కాలు మారుస్తోందా, జడ ఊడిందా, భయపడుతోందా, అది చూడు. నీకు ఎలాగూ ఒకరి కోసం భయపడక తీరదు. ఆ భయం పక్క పిల్లకి పెట్టు. వాళ్ళకది బరువు కాదు, నీ మొహం వాళ్ళకి అంతగా తెలియదు కాబట్టి.”

“మరి నా పిల్లని ఎవరు చూస్తారు?”

“ఏమో. ఎవరో ఒక తల్లి చూస్తుంది. చూడకపోతే లేదు. నేను కూడా మాట ఇవ్వలేను.”

ఇప్పుడు పాట ఉన్న రోజుల్లో పిచ్చుక వాళ్ళమ్మ చివరి వరసలో కూర్చుంటుంది. అరచేతులు చెమట పడుతూనే ఉంటాయి. పిచ్చుక ఎలా పాడిందని ఎవరైనా అడిగితే ఆమెకి తెలియదు. జడలపిల్ల సంగతి మాత్రం తెలుసు, పెద్ద స్వరం ఎత్తుకునే ముందు ఎడమ మడమ నేలకేసి ఒకసారి రుద్దుకుంటుంది.